లేవార్డెన్‌లో మూడో భాష

విదేశీ చదువుల మేళాకి వెళ్లి నెదర్లాండ్స్ స్టాల్ దగ్గర ఆగితే చేతిలో పెట్టే బ్రోషర్లలో చాలావాటి మీద ‘యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్’ అని ఉంటుంది. అదే సంస్థకి సొంత దేశంలో, సొంత భాషలో ఉన్న పేరు వేరు. డచ్‌లో దాన్ని ‘హోఖెస్ఖోల్’ అంటారు. మాటకి మాట అర్థం చెప్పుకుంటే ‘పై బడి’. డచ్‌లో ‘యూనివర్సిటీ’ అనే పేరు పెట్టుకునే హక్కు ఈ కాలేజీలకి లేదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మాత్రం యూనివర్సిటీ అయిపోతాయి. ఏజెంటు ఈ సంగతి చెప్పడు, మనమూ అడగం.

దీన్ని మోసం అనను. వాళ్ల చదువుల పద్ధతే అలాంటిది. అక్కడ పిల్లలకి పన్నెండేళ్లు వచ్చేసరికి దారులు విడిపోతాయి. నాలుగేళ్ల దారి చేతి పనులకీ వృత్తులకీ పోతుంది. ఐదేళ్ల దారి హోఖెస్ఖోల్‌కి, ఆరేళ్ల దారి పరిశోధన యూనివర్సిటీకి. యూనివర్సిటీలో డిగ్రీ మూడేళ్లు. హోఖెస్ఖోల్‌లో నాలుగేళ్లు, అందులో నెలల తరబడి బయట సంస్థల్లో పని చెయ్యడం తప్పనిసరి. నర్సులు, స్కూలు టీచర్లు, ఇంజనీర్లు, హోటల్ మేనేజర్లు, సోషల్ వర్కర్లు ఎక్కువగా వచ్చేది ఇక్కడి నుంచే. దేశం రోజూ నడిచేది వీళ్ల చేతుల మీద. మన ఇళ్లల్లో మాత్రం ఈ తేడా తెలియగానే ‘అయితే రెండో రకం అన్నమాట’ అని పెదవి విరుస్తారు. ఆ మాట నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పాలంటే ఒక ఊరి గురించి, అక్కడి ఒక కాలేజీ గురించి చెప్పాలి.

ఊరు లేవార్డెన్. నెదర్లాండ్స్‌కి ఉత్తరాన ఫ్రిస్లాన్ అనే రాష్ట్రానికి రాజధాని. పెద్ద ఊరేం కాదు, జనాభా లక్ష పైచిలుకు. కాలేజీ పేరు ఎన్‌హెచ్‌ఎల్ స్టెండెన్. ఎన్‌హెచ్‌ఎల్, స్టెండెన్ అని రెండు వేరు వేరు సంస్థలుండేవి, 2018లో కలిసిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలోనూ శాఖలున్నాయి, అన్నీ కలిపి ఇరవై వేల పైన విద్యార్థులు. విలీనానికి ముందు నుంచే స్టెండెన్‌కి బయటి దేశాల మీద చూపు ఎక్కువ. ఖతార్‌లో, దక్షిణాఫ్రికాలో, థాయిలాండ్‌లో, ఇండోనేషియాలోని బాలిలో శాఖలు తెరిచింది. లేవార్డెన్‌లో చేరిన అమ్మాయి చదువులో కొన్ని నెలలు బాలిలో గడపవచ్చు. డచ్‌వాళ్లు అంటే మనకి పళవేర్కాడులో పాత సమాధులు, 1613 నాటి గెల్డ్రియా కోట శిథిలాలే గుర్తు. అప్పట్లో వాళ్లు మన నేత బట్టల కోసం సముద్రం దాటి వచ్చారు. ఇప్పుడు ఫీజు కట్టే విద్యార్థుల కోసం వస్తున్నారు అని ఎవరైనా వెక్కిరిస్తే పూర్తిగా కాదనలేను. యూరోపియన్ యూనియన్ పిల్లలకి 2024-25లో చట్టం పెట్టిన ఫీజు 2,530 యూరోలు. బయటినుంచి వెళ్లే మనలాంటివాళ్లకి అది మూడు నాలుగు రెట్లు. ‘అంతర్జాతీయ’ అనే మాటలో ఈ లెక్క కూడా ఉంది.

అయినా ఆ కాలేజీలో నన్ను ఆకట్టుకున్నవి రెండు. మొదటిది, ఆవరణలోనే ఉన్న హోటల్. బొమ్మ హోటల్ కాదు. డబ్బు కట్టి గది తీసుకునే అతిథులు వస్తారు. హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలు అక్కడే పక్కలు సర్దుతారు, బల్లల దగ్గర వడ్డిస్తారు, వంటగదిలో నిలబడతారు, కౌంటర్లో కూర్చుంటారు. పై తరగతుల పిల్లలు వాళ్లకి పని పురమాయిస్తారు. రేపు మేనేజర్ అవ్వాల్సిన అమ్మాయి ఇవాళ దుప్పటి మడత పెట్టడం నేర్చుకుంటుంది. ‘అంత ఫీజు కట్టింది పక్కలు వెయ్యడానికా?’ అని మా అమ్మ ఠక్కున అంటుంది. మీ అమ్మలూ అంటారు. కానీ పక్క ఎలా వెయ్యాలో తెలియని మేనేజర్ మాట పక్క వేసేవాళ్లు వింటారా?

క్లాసులు కూడా ఈ ధోరణిలోనే నడుస్తాయి. ఈ పద్ధతికి వాళ్లు ‘డిజైన్ బేస్డ్ ఎడ్యుకేషన్’ అని పేరు పెట్టుకున్నారు. కంపెనీయో మునిసిపాలిటీయో స్కూలో ఒక నిజమైన ఇబ్బంది తెచ్చి పెడుతుంది. చిన్న గుంపుగా కూర్చుని పిల్లలు దాన్ని తవ్వుతారు, టీచరు పక్కనుంటారు. ఇందులో అన్నీ బాగుంటాయని కాదు. గుంపులో ఇద్దరు పని చేస్తే నలుగురికి మార్కులు రావడం అక్కడా ఉండే ఉంటుంది, మన ప్రాజెక్టుల్లో లాగే. పైగా మొదటి ఏడాది ఇన్ని క్రెడిట్లు తెచ్చుకోకపోతే ఆ కోర్సులోంచి పంపించేసే నిబంధన డచ్ కాలేజీల్లో మామూలు. అరియర్లు పెట్టుకుని చివరి సెమిస్టర్లో రాసేద్దాం అనుకునే మన అలవాటు అక్కడ సాగదు. వెళ్లాలనుకునేవాళ్లు ఫీజు కన్నా ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండోది భాష. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. లేవార్డెన్ ఒక భాష ఊరు కాదు. ఫ్రిస్లాన్ రాష్ట్రానికి సొంత భాష ఉంది, ఫ్రిసియన్. మాట్లాడేవాళ్లు నాలుగైదు లక్షల మంది. మన చెన్నైలో ఒక పేట దాటితే అంతమంది ఉంటారు. డచ్‌కి చుట్టమే గానీ డచ్ కాదు, కొన్ని మాటల్లో ఇంగ్లీషుకే దగ్గర. చీజ్‌ని డచ్‌వాళ్లు ‘కాస్’ అంటే ఫ్రిసియన్లు ‘త్సీస్’ అంటారు. ఈ భాషవాళ్లు చాలాకాలం మనలాగే బతికారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. కోర్టులో సంగతి ఇంకా కష్టం. ఫ్రిసియన్‌లో మాట్లాడితే న్యాయమూర్తి వినడానికి ఒప్పుకోలేదని ఫెడ్డె స్కూరెర్ అనే కవి, పత్రికా సంపాదకుడు ఘాటుగా రాశాడు. న్యాయమూర్తిని అవమానించాడని ఆయన మీదే కేసు పెట్టారు. 1951 నవంబర్ 16, శుక్రవారం, లేవార్డెన్ కోర్టు ముందు జనం గుమిగూడారు. పోలీసులు లాఠీలు ఝళిపించారు, నీళ్లు చిమ్మారు. ఆ రోజుకి అక్కడ ‘లాఠీ శుక్రవారం’ అనే పేరు నిలిచిపోయింది.

ఆ దెబ్బలు ఊరికే పోలేదు. 1955లో ప్రైమరీ బడుల్లో ఫ్రిసియన్‌లో చెప్పడానికి చట్టం దారి ఇచ్చింది. 1956లో కోర్టులో ఆ భాష మాట్లాడే హక్కు వచ్చింది. 1980 నుంచి ఫ్రిస్లాన్ ప్రైమరీ బడుల్లో అది తప్పనిసరి సబ్జెక్టు. 1997లో కొన్ని బడుల్లో మూడు భాషల ప్రయోగం మొదలుపెట్టారు. పై తరగతుల్లో పాఠాల వేళని ఫ్రిసియన్‌కి నలభై, డచ్‌కి నలభై, ఇంగ్లీషుకి ఇరవై శాతంగా పంచారు. ఇంగ్లీషుకి అందరికన్నా చిన్న వాటా ఇచ్చినా ఆ పిల్లల ఇంగ్లీషు పాడవుతుందని వాళ్లు భయపడలేదు. ఇది మన దగ్గర చెప్తే ఎవరూ నమ్మరు.

మరి పాఠం చెప్పే టీచర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? భాష గొప్పదని సభల్లో చెప్పుకోవడం సులువు, సోమవారం పొద్దున తొమ్మిదింటికి మూడో తరగతిలో నిలబడే మనిషి కావాలి కదా. ఆ మనుషుల్ని తయారు చేసే చోట్లలో ఒకటి ఈ ఎన్‌హెచ్‌ఎల్ స్టెండెనే. ఫ్రిసియన్ భాషా టీచర్ డిగ్రీ అక్కడ ఉంది. ప్రైమరీ టీచర్ శిక్షణలోనూ ఫ్రిసియన్‌కి చోటుంది. బహుభాషా బోధన మీద పరిశోధన చేసే బృందం కూడా ఆ కాలేజీలో ఉంది. అంటే బాలికీ బ్యాంకాక్‌కీ పిల్లల్ని పంపుతూ, ఇంగ్లీషులో హోటల్ పాఠాలు చెప్పే ఆవరణలోనే, నాలుగైదు లక్షల మంది భాషకి టీచర్లు తయారవుతున్నారు. ఒకదాని వల్ల ఇంకోటి చెడలేదు.

దీన్ని నేను ఆదర్శ గ్రామంలా చూపించదలచుకోలేదు. ఫ్రిసియన్‌కి కష్టాలు తీరలేదు. అర్థం చేసుకునేవాళ్లు చాలామంది, మాట్లాడేవాళ్లు అంతకన్నా తక్కువ, రాయగలిగేవాళ్లు బాగా తక్కువ. హైస్కూల్లో చాలాచోట్ల మొదటి ఏడాది వారానికి ఒక గంటతో సరిపెడతారు. ఈ మెట్లు మనకి కొత్త కాదు. చెన్నై తెలుగు ఇళ్లల్లో తాతకి చదవడం, రాయడం వచ్చు. నాన్నకి మాట్లాడడం వచ్చు. మనవరాలికి అర్థమవుతుంది, జవాబు తమిళంలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. కానీ ఒక తేడా ఉంది. అక్కడ మనవరాలికి ఆ భాష రాయడం వస్తే ఒక ఉద్యోగం ఉంది. ఇక్కడ ‘తెలుగు రాయడం వస్తే ఏం లాభం?’ అని అత్తయ్య అడిగితే నేను ఇప్పటిదాకా సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు అక్కడి పెద్ద గొడవ చూడండి. నెదర్లాండ్స్‌లో కాలేజీలు మరీ ఇంగ్లీషు అయిపోయాయని, బయటి దేశాల పిల్లలు ఎక్కువైపోయారని, ఉండడానికి గదులు దొరకడం లేదని కొన్నేళ్లుగా వాదన నడుస్తోంది. 2018లో గ్రోనింగెన్‌లో విదేశీ విద్యార్థులు గుడారాల్లో పడుకోవాల్సి వచ్చింది కూడా. 2024లో ‘సమతూకంలో అంతర్జాతీయీకరణ’ అనే బిల్లు పార్లమెంటు ముందుకి వచ్చింది. తెచ్చిన మంత్రి రాబర్ట్ డైక్‌గ్రాఫ్ భౌతిక శాస్త్రవేత్త. మంత్రి కాకముందు పదేళ్లు అమెరికాలో, ఒకప్పుడు ఐన్‌స్టీన్ పనిచేసిన ప్రిన్స్‌టన్ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా ఉన్నాడు. అంతటి అంతర్జాతీయ మనిషే ఈ బిల్లు తేవాల్సి వచ్చింది. డిగ్రీ కోర్సుల్లో మూడింట రెండొంతులు డచ్‌లో ఉండాలని, మిగతా భాషలో నడపాలంటే అనుమతి కావాలని అందులోని ఆలోచన.

ఆ భయం నాకు అర్థమవుతుంది. రెండు కోట్లకి పైగా మాట్లాడే డచ్‌కే ఇంత భయముంటే చిన్న భాషల సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ల చట్టంలో డచ్‌లోనే పాఠం చెప్పాలనే నియమం 1993 నుంచి ఉంది, దానికి మినహాయింపులూ ఉన్నాయి. మినహాయింపులే దారిగా మారిపోయాయి. అయితే బిల్లు పట్టుకున్న కొస తప్పని నా అభిప్రాయం. అది కోర్సుల్ని లెక్క పెడుతుంది. ఎన్ని డచ్‌లో, ఎన్ని ఇంగ్లీషులో అని. ఒక భాషలో కోర్సు ఉన్నంత మాత్రాన ఆ భాష ఎవరికైనా అవసరపడుతుందా అన్నది లెక్కల్లోకి రాదు. పైగా గదుల కరువు, గుంపుల గోల పెద్ద నగరాల యూనివర్సిటీల కథ. హోఖెస్ఖోల్‌లలో విదేశీ విద్యార్థుల వాటా యూనివర్సిటీల కంటే బాగా తక్కువ. ఉత్తరాది ఊళ్లలో పిల్లల సంఖ్యే తగ్గుతోంది, బయటివాళ్లు రాకపోతే కొన్ని కోర్సులు మూతబడతాయి. ఆమ్‌స్టర్‌డామ్ జబ్బుకి లేవార్డెన్‌కి మందు పోస్తే ఎలా? ఇంకో వింత ఏమిటంటే, వార్తల్లో ఈ వాదనంతా డచ్‌కీ ఇంగ్లీషుకీ మధ్య కుస్తీలాగే సాగింది. మూడో భాష ఒకటి ఉందని, అది కంచె వల్ల కాకుండా టీచర్ ఉద్యోగాల వల్ల నిలబడిందని గుర్తు చేసినవాళ్లు తక్కువ.

మన దగ్గరా వాదన ఇలాగే రెండు భాషల మధ్య ఇరుక్కుంటుంది. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలై ఏటేటా పైకి పాకి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం అందరూ నేర్చుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. తమిళం రాకపోతే నేను షేర్ ఆటో కూడా ఎక్కలేను. ఇబ్బంది ఎక్కడంటే, తమిళం వచ్చి కూర్చున్న చోట తెలుగు లేచిపోవాల్సి వచ్చింది. దాని మీద కోర్టులకి వెళ్లినవాళ్లున్నారు, వెళ్లాల్సిందే. కానీ బడిలో తెలుగు చదవకుండా వచ్చిన అమ్మాయి మన కాలేజీలో పార్ట్ 1 కింద తెలుగు ఎందుకు తీసుకుంటుంది? ‘మార్కులు బాగా పడతాయంట’ అనే కదా. నాలుగు సెమిస్టర్లు అయ్యాక పుస్తకం పాత పేపర్లవాడికి. మన సెక్షన్లో బెంచీలు ఖాళీ అవుతుంటే తప్పు అమ్మాయిలది మాత్రమే అనడం న్యాయం కాదు.

అందుకే నేను అడిగేది హోఖెస్ఖోల్ పద్ధతి. కొత్త కోర్సు కాదు, కొత్త పోస్టులు కాదు. నాలుగో సెమిస్టర్లో రెండు క్రెడిట్లకి తెలుగుతో బయట పని. ఎక్కడ అంటే, ముందు ఆసుపత్రులు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యం కోసం చెన్నైకీ వేలూరుకీ వచ్చేవాళ్లని మనం రోజూ సెంట్రల్ స్టేషన్లో చూస్తూనే ఉన్నాం. చేతిలో స్కాన్ కవరు, పక్కన తమిళం రాని పెద్దాయన. ఏ కౌంటర్లో డబ్బు కట్టాలో, మాత్ర అన్నానికి ముందో తర్వాతో, సంతకం పెట్టమన్న కాగితంలో ఏముందో అడిగేందుకు మనిషి ఉండదు. ఆ బోర్డులు తెలుగులో రాయడం, ఆ కాగితం సులువైన తెలుగులోకి తేవడం మన పని ఎందుకు కాకూడదు? డాక్టరు మాటకి మనం డాక్టర్లం కానక్కర్లేదు. తప్పు లేకుండా, భయపెట్టకుండా చెప్పడం నేర్చుకోవాలి, దానికి ఆసుపత్రివాళ్లు పక్కనుండి సరిచూడాలి. ఈ ఒక్క పనికి మన వ్యాకరణం క్లాసులో నేర్చుకున్నది చాలావరకు పనికొస్తుంది. మిగతాది అక్కడే తెలుస్తుంది.

ఇంకా చోట్లున్నాయి. నగరంలో మిగిలి ఉన్న తెలుగు బడుల్లో టీచర్ల కొరత ఉంది, వారానికి ఒక మధ్యాహ్నం చిన్నపిల్లలకి కథ చదివి వినిపించినా వాళ్లకి ఆసరా. ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో తెలుగు తాళపత్రాలు, కాగితపు ప్రతులు ఉన్నాయి. చదివి పట్టీ రాయడం మెల్లిగా నేర్చుకోవచ్చు. వడపళని, కోడంబాక్కం వైపు డబ్బింగు, సబ్‌టైటిల్ పని ఇప్పటికీ జరుగుతోంది. దాని సంగతి మనకన్నా మన అన్నదమ్ములకే ఎక్కువ తెలుసు, అదొక చిరాకు.

రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఒకటి ఇంట్లోంచి. ఆడపిల్ల ఆసుపత్రి వరండాల్లో తిరగడమేంటి అని. ఇద్దరిద్దరుగా, పగటిపూట, కాలేజీ ఉత్తరంతో వెళ్తాం. ట్యూషన్‌కి పంపే ఇల్లు దీనికీ పంపుతుంది, కాస్త గట్టిగా అడగాలి. రెండోది మన డిపార్ట్‌మెంట్ లోపలి నుంచే. భాషని పనికి కట్టేస్తే మనుచరిత్ర ఎవరు చదువుతారు అని మేడమ్ ఒకరు ఇప్పటికే అడిగారు. పద్యం గంటల్లో ఒక్కటీ తియ్యమని నేను అడగడం లేదు మేడమ్. ఇప్పుడున్న పద్ధతిలో ఎంతమంది చదువుతున్నారో మీకే తెలుసు. ఫ్రిసియన్‌కి కవులు లేకపోలేదు, లాఠీ శుక్రవారం నాడు కోర్టు బోనులో నిలబడింది కవే. అయినా ఆ తర్వాత వాళ్లు చేసిన పని టీచర్లని తయారు చెయ్యడం.

ఇందులో తేలికగా తేలని చిక్కు ఒకటుంది, అది దాచను. ఫ్రిస్లాన్‌లో ఫ్రిసియన్‌కి చట్టం ఉంది, రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఉంది, అది ఆ నేల భాష. మనం ఇక్కడ తరాలుగా ఉన్నా ఈ నేలకి తెలుగు రాజభాష కాదు, కాబోదు. టీచర్ ఉద్యోగాలు మనకోసం ఎవరూ సృష్టించరు. అందుకే ఉద్యోగం దగ్గర కాకుండా అవసరం దగ్గర మొదలుపెడదాం అంటున్నాను. ఆసుపత్రిలో ఆ అవసరం ఇప్పటికే ఉంది, సృష్టించక్కర్లేదు. ఒక ఏడాది చేసి చూపిస్తే జీతం ఇచ్చి పెట్టుకునే ఆసుపత్రి ఒక్కటైనా దొరకొచ్చు, దొరక్కపోవచ్చు కూడా.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ఈ సెమిస్టర్ చివర ఉంది. విద్యార్థుల తరఫున ఒక పేజీ ప్రతిపాదన ఇస్తే చర్చకి పెడతామని హెచ్‌ఓడీ మేడమ్ ఒప్పుకున్నారు. ఈ గోడపత్రిక కిందే తెల్ల కాగితం అతికించాం, దారానికి పెన్ను కట్టి ఉంది. పేరు, క్లాసు, వారంలో ఏ మధ్యాహ్నం ఖాళీయో రాయండి. తమిళం చదవడం వచ్చినవాళ్లు ఆ సంగతి పక్కన తప్పకుండా రాయండి, ఆసుపత్రి కాగితాలకి వాళ్లే ముందు కావాలి.